పెత్తరమాస నాడు తినే మనిషి కావాలి

2022. కరోనా భయం పోయి వనపర్తి ఫంక్షన్ హాళ్లు మళ్లీ కిటకిటలాడుతున్న ఏడు. నాకు అక్కడ ఒక క్యాటరింగ్ యూనిట్ ఉంది. బి.కామ్ పాసయ్యాను. ఆ పట్టాకూ గరిటెకూ ఉన్న సంబంధం ఏమిటో మా మామగారు ఇంకా కనుక్కునే పనిలోనే ఉన్నారు.

పాన్‌గల్ వెళ్లే దారిలో క్యాథలిక్ సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం ఒకటి ఉంది. ఎవరూ లేని ముసలవ్వలు అక్కడ ఉంటారు. వాళ్లకు మందులు, స్నానాలు, అర్ధరాత్రి దగ్గులు సిస్టర్లు చూసుకుంటారు. భోజనం సంగతి చాలావరకు బయటివాళ్లే చూసుకుంటారు. గద్వాల మగ్గాలవాళ్లు, అయిజ రైతులు, నాగర్‌కర్నూల్ దుకాణదారులు, పిల్లల పుట్టినరోజనో తండ్రి పోయిన రోజనో ఒక పూట అన్నదానం రాయించుకుంటారు. ఖర్చు వాళ్లది, వంట నాది. వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లు బహు తక్కువ. ఆ విషయం సిస్టర్లు అడగరు, వీళ్లూ చెప్పరు. పప్పులో ఉప్పు గురించి మాత్రం ఇద్దరూ అడుగుతారు.

మా వృత్తిలో మొదటి పాఠం ప్లేట్ కౌంట్. అంటే తినేవాళ్లు ఎందరన్న అంచనా. అది తప్పితే ఎంత బాగా వండినా పరువు పోతుంది. ఏడాది పొడుగునా నేను దాన్ని బాగానే సంభాళిస్తాను. పెత్తరమాస నాడు మాత్రం లెక్క తలకిందులవుతుంది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య అది. పోయిన పెద్దల పేరు మీద ఆ రోజు ఎవరికో ఒకరికి కడుపు నిండా పెట్టాలి. పెట్టడానికి అందరూ ఆశ్రమం వైపే బయల్దేరుతారు. అవ్వలకు ఉన్నది ఒక్కొక్క కడుపే. అందులోనూ సగం కడుపులకు షుగర్.

ఆ ఏడు కూడా పొద్దున్నే ఆశ్రమంలో వంట డేక్షాలు దింపాను. నాలుగు కుటుంబాలవాళ్లు కలిసి పెట్టిస్తున్నారు. అందరికంటే ముందు వచ్చినవాడు వడ్డేపల్లి మద్దిలేటి. విత్తన పత్తి వ్యాపారం. తండ్రి ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ తెచ్చి, ఏసుప్రభువు పటానికి అడ్డం రాకుండా ఎక్కడ కట్టాలా అని గోడలన్నీ పరిశీలిస్తున్నాడు. మర్యాదస్తుడే.

అప్పుడు ఆశ్రమం పెద్ద, సిస్టర్ ఫిలోమినా, నన్ను వంటశాల వెనక్కి పిలిచారు. ఆమెది కేరళ, నర్సు చదువు చదివారు. ఈరమ్మ అనే అవ్వ ఉదయం షుగర్ గోలీ వేసుకుందట, ఇడ్లీ మాత్రం ముట్టలేదట. అడిగితే ఈ రోజు తన భర్తకు పెట్టుకోవాలని, ఒక మనిషికి తన చేతి వంట తినిపించేదాకా ఇక పచ్చి మంచినీళ్లు కూడా తాగనని చెప్పిందట. గోలీ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. పడితే ఆ వయసులో మనిషి లేవడం కష్టం. సిస్టర్ గొంతు ఎప్పుడూ పెరగదు, అప్పుడూ పెరగలేదు. చేతిలో గ్లూకోజ్ పొట్లం మాత్రం నలిగిపోతోంది.

ఈరమ్మది అయిజ దగ్గర పల్లె. చేతులు వణుకుతాయి కాబట్టి ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వరు. నేను సిస్టర్‌ను ఒప్పించి ఒక బర్నర్ ఖాళీ చేయించాను. నా మనుషుల్ని దూరంగా నిలబెట్టి, ఎవరూ చెయ్యి వేయొద్దన్నాను. ఆమె జొన్నపిండి తడిపి రొట్టెలు తట్టింది. పుంటికూర, అదే గోంగూర, వేసి పప్పు చేసింది. పెద్దలకు పెట్టేది రుచి చూడకూడదు గనుక ఉప్పు వేసిందో లేదో అనుమానం వచ్చి ఇంకోసారి వేసింది. నేను చూశాను. ఇరవై ఏళ్ల క్యాటరింగ్‌లో నోరు మూసుకోవడం కష్టమైన క్షణాలు కొన్ని ఉన్నాయి, అది ఒకటి.

వంటయితే అయింది. ఇక తినే మనిషి కావాలి.

సిస్టర్ నేనే కూర్చుంటానన్నారు. ఈరమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వు నాకు దినాం పెడ్తవు. నీకు పెడితే ఇంట్లోళ్లకు పెట్టినట్టే. బయటి మనిషి గావాలె."

నేను బయటివాణ్నే కదా అని ముందుకొచ్చాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు పైసలకొచ్చినోనివి బిడ్డా. నీకు పెడితే కూలిల పోతది."

అకౌంటెన్సీలో నాకు అంత స్పష్టంగా ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ దెబ్బతో నా వంటవాళ్లు కూడా కొట్టివేతకు గురయ్యారు.

మిగిలింది దాతలు. వరుసగా అడిగాను. ఒకాయన ఇంట్లో పెద్దలకు నైవేద్యం పెట్టేదాకా ఏమీ ముట్టడట. ఇంకొకావిడకు ఒక్కపొద్దు. ఒక జంటకు జొన్నరొట్టె పడదట. ఆ మాట చెప్పేటప్పుడు భార్య భర్త వైపు, భర్త చెప్పుల వైపు చూశారు. బయటి ఇంట్లో, ఎవరి వంట ఏమిటో తెలియని చోట తినడానికి అడ్డొచ్చే కారణాలు మన దగ్గర చాలా ఉంటాయి. అసలు కారణాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. చివరికి మద్దిలేటి దగ్గరికి వెళ్లాను.

"నేను పెట్టనీకి వచ్చిన గాని తిననీకి వచ్చిన్నా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక.

ఆశ్రమం నిండా అన్నం పెట్టేవాళ్లు. అరడజను డేక్షాల నిండా వంట. ఒక ముసలామె కోసం ఒక్క నోరు దొరకడం లేదు. ఈరమ్మ నుదుటి మీద చెమట పట్టింది. సిస్టర్ ఇంకొంచెంసేపు చూసి, తిట్టినా సరే గ్లూకోజ్ పట్టించేస్తానన్నారు. పట్టిస్తే ప్రాణం నిలబడుతుంది. ఆమె నెలల తరబడి ఎదురుచూసిన పెత్తరమాస పోతుంది.

పెళ్లి భోజనాల్లో నాకు తెలిసిన సంగతి ఒకటుంది. మనిషికి ఆకలి వేసినంత మాత్రాన బంతిలో కూర్చోడు. కూర్చోవడానికి గౌరవమైన సాకు కావాలి. మళ్లీ మద్దిలేటి దగ్గరికే పోయాను.

"అన్నా, వడ్డించే ఫొటో అందరికి ఉంటది. అవ్వ వడ్డిస్తుంటే కూసొని తినే ఫొటో మన దిక్కు ఎవ్వనికి లేదు."

అతను ఆలోచించాడు. ఫోన్ డ్రైవర్ చేతికిచ్చి, చొక్కా సవరించుకుని చాప మీద కూర్చున్నాడు. ఈరమ్మ విస్తరి వేసి రొట్టె పెట్టింది, పప్పు పోసింది. ఫొటో అయింది. మద్దిలేటి చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడు.

"ఏడికి?" అంది ఈరమ్మ. "విస్తరి ముంగల కూసొని లేస్తే మా ఇంటాయన లేసిపోయినట్టే గద."

అతను ఆగిపోయాడు. ఆ మాట అతనికి తెలియనిది కాదు. వాళ్లింట్లోనూ అదే పద్ధతి. మళ్లీ సర్దుకుని కూర్చుని రొట్టె తుంచాడు. మొదటి ముద్దకే ముఖంలో ఉప్పు కనబడింది. మింగాడు. నీళ్లు తాగలేదు, అది మెచ్చుకోవాలి.

"ఎవరి పేరు మీద తింటున్న, అవ్వా?" అని అడిగాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. సిస్టర్ వైపు చూసింది. సిస్టర్ మలయాళం యాసలో, హాజరు పిలిచినంత గంభీరంగా, "తిమ్మప్ప" అన్నారు.

"తిమ్మప్ప ఎన్ని రొట్టెలు తింటుండె?"

"మూడు."

"నాకు రెండు సాలు."

"కూసున్నది నువ్వైనా తినేది ఆయన. మూడు."

మూడూ తిన్నాడు. మూడోదానికి పప్పు అతనే అడిగి వేయించుకున్నాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ పప్పు నేనూ తర్వాత రుచి చూశాను. అతను చెయ్యి కడుక్కోగానే ఈరమ్మ అక్కడే కూలబడి, సిస్టర్ ఇచ్చిన గ్లూకోజ్ నీళ్లు గటగటా తాగి, మిగిలిన రొట్టె తిన్నది. సిస్టర్ ఆమె వేలు గుచ్చి షుగర్ చూసి, శిలువ గుర్తు వేసుకుని నాకు పని చూసుకొమ్మని సైగ చేశారు.

పోయేముందు మద్దిలేటి ఆమె దగ్గరికి వచ్చి, వచ్చే ఏడు మా నాయన పేరు మీద నువ్వు తినాలి అన్నాడు.

"నువ్వు వండితే తింట," అంది ఈరమ్మ.

నా క్యాటరింగ్‌కు అది మంచి మాట కాదు గనుక నేను కల్పించుకోలేదు.

ఆ రోజుదాకా నేను ఆశ్రమాన్ని తినేవాళ్లు ఉండే చోటుగానే లెక్కేశాను. సిస్టర్లకు అండగా ఉన్న మేమందరం అంతే. అక్కడ ఉన్నవాళ్లు ఒకప్పుడు ఊరికి పెట్టినవాళ్లని, పెట్టే హక్కు పోవడం కూడా ఒక లేమి అని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు పెత్తరమాసకు ఎవరు ఫోన్ చేసినా, ఎంతమందికి పెడతారని తర్వాత అడుగుతాను. అవ్వలు పెడితే మీలో ఎవరు కూర్చుని తింటారని ముందు అడుగుతాను. కొందరు ఆలోచించుకుని చెబుతామంటారు. నిదానంగా ఆలోచించుకొమ్మంటాను. ఆ రోజు ఒక బర్నర్ మాత్రం అవ్వలది, దాన్ని ఎవరి మెనూకూ ఇవ్వను.