కొసరు నూనె

డీజిల్ కొనేవాళ్లను చూసి నవ్వుతూ, మా కిరాణా కొట్టు ఆటోను వాడేసిన బజ్జీల నూనెతో నడిపిన ఘనుణ్ణి నేను. బంగారుపేటలో బజ్జీల బండి ఆమె దగ్గర డబ్బా నూనె బేరమాడి కొన్నాను.

"కొసరు లేకుండా మేము ఉప్పు కూడా కొనమమ్మా."

"అడుగున మడ్డే ఉండాదప్పా. తీసుకో పో," అంటూ చెంబెడు పోసింది.

డబ్బా నూనెను కాచి, పాత పంచెలో వడగట్టి, తేటపడ్డాక డీజిల్‌లో కలిపాను. బండి పరుగో పరుగు! వీధంతా మిరపకాయ బజ్జీల వాసన. ఆ సంబరంలో, తేటపడేదాకా ఆగలేక, కొసరును కూడా పోసేశాను. బెల్లం మూటలతో కురుడుమలె దారిలో నేనూ బండీ ఆగిపోయాం.

"ఏం పోసినావన్నా, సాంబారా?" అన్నాడు మెకానిక్.

డీజిల్ ఖర్చులో మిగిలింది నూట ఎనభై రూపాయలు. ట్యాంకు కడిగి ఫిల్టరు మార్చినందుకు తొమ్మిది వందలు. నికర నష్టం ఏడు వందల ఇరవై, కొసరుతో కలిపి.