అన్నయ్య వ్యానుకు చైను సెట్టు

షెడ్డులో అందరూ అతన్ని ‘నిదానం మేస్త్రి’ అనేవారు. నిదానమే ప్రధానం అన్న మాట రోజుకు నాలుగుసార్లయినా అతని నోట వచ్చేది, ఆ పేరు అలా అతుక్కుపోయింది. ముప్పయ్యేళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. అతని చెయ్యి పడిన బండి అదే జబ్బుతో మళ్లీ గుమ్మం తొక్కిన పాపాన పోలేదు.

ఒక ఏడు అతని అన్నయ్య వ్యానే షెడ్డుకు వచ్చింది. స్టార్టు చేయగానే ఇంజను ముందువైపు నుంచి గొలుసులు ఈడ్చినట్టు గలగల. విప్పి చూస్తే, లోపలి పళ్లచక్రాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ చైను సాగిపోయింది. దాన్ని దారిలో పెట్టే ప్లాస్టిక్ పట్టీలు అరిగి, ముక్కలై, ఆయిలు తొట్టిలో పడి ఉన్నాయి.

ఇరవై రెండేళ్లు ఆ వ్యానులో బడిపిల్లల్ని తిప్పాడు అన్నయ్య. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో గడ్డ. రెండు నెలలు దాటితే గొప్పేనని డాక్టరు వదినకూ మేస్త్రికీ చెప్పేశాడు. అన్నయ్య కోరిక ఒక్కటే. ఒక్కసారి ఆ బండి తనే తోలుకుంటూ పాత దారంతా తిరిగి రావాలి.

వ్యాను చేసిన కంపెనీ ఆ సామాను చేయడం ఎప్పుడో మానేసింది. బయటి కంపెనీల సెట్లే దిక్కు. స్పేర్ పార్టుల కొట్టాయన ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మేస్త్రి చైనును పక్కకు వంచి చూశాడు. కొత్తదే అయినా విల్లులా వంగింది. పట్టీ అంచును గోటితో గీస్తే పొట్టు లేచింది. చైనును బిగువుగా ఉంచే టెన్షనరును బొటనవేలితో నొక్కితే గరగరమంటూ ఆగి ఆగి కదిలింది.

“ఇది ఏడాది లాగితే ఎక్కువ,” అన్నాడు.

“నువ్వడిగే రకం కావాలంటే మూడు వారాలు ఆగాలి మేస్త్రీ. సముద్రం దాటి రావాలి.”

ఏడాది అన్న తన మాట తన చెవికే తగిలింది. అన్నయ్యకు ఏడాది లేదు. ఆ డబ్బాలోది చాలు, ఇంకా మిగులు కూడా. కానీ చెయ్యి రాలేదు. అది తీసుకుంటే డాక్టరు మాట కింద తనూ వేలిముద్ర వేసినట్టే.

“మంచిదే తెప్పించు,” అన్నాడు.

సాయంత్రం ఆ సంగతి చెబితే అన్నయ్య నవ్వబోయి దగ్గాడు.

“ఒరేయ్, నువ్వు పుట్టడానికే పది నెలలు తీసుకున్నావని అమ్మ అనేది. ఉన్నదేదో బిగించెయ్యరా. నాకంటే ఎక్కువ రోజులే ఉంటుంది.”

“ఏం మాటలన్నయ్యా అవి! నీ బండికి నాసిరకం వేస్తే నలుగురూ నా మొహాన ఉమ్మరూ?”

“ఆలస్యం అమృతం విషం అన్నారు.”

“మూడు వారాలేగా. ఇట్టే అయిపోతాయి.”

అన్నయ్య అతని మొహంలోకి కాసేపు చూశాడు. “సరే, నీ ఇష్టం,” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పదహారో రోజు మధ్యాహ్నం, వదిన మందు కలిపి తెచ్చేలోగా అన్నయ్య పోయాడు. పార్సిలు ఇరవయ్యో రోజున వచ్చింది, చెప్పినదానికన్నా ఒకరోజు ముందే.

వారం పాటు మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. ఒక పొద్దున షట్టరు సగం దించుకుని కూర్చున్నాడు. చైను మీది రంగు లింకులను పళ్లచక్రాల గుర్తులతో కలిపాడు. ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి చక్రాల గుర్తులు మళ్లీ సరిచూసుకున్నాడు. అన్నీ బిగించి తాళం తిప్పితే చప్పుడు మెత్తగా, ఎక్కడా ఒక్క పలుకు లేకుండా వచ్చింది. బానెట్టు మీద తల వాల్చి ఏడ్చాడు.

బండి అప్పగించడానికి వెళ్లి వదిన ముందు నిలబడ్డాడు.

“వదినా, ఆ రోజే కొట్లో ఒకటి ఉంది. నాలుగు రోజుల్లో బండి తిరిగేది. నేనే వద్దన్నాను.”

వదిన బండి తాళాలు అందుకుని గడప మీద కూర్చుంది.

“తెలుసు. ఆయన చెప్పారు. నిన్ను నిలదీద్దామని బయల్దేరితే ఆపేశారు. ‘వాడికింకా ఆశ ఉందే, ఇంట్లో ఒక్కడికైనా ఉండనీ’ అన్నారు.” పమిటతో కళ్లు ఒత్తుకుంది. “నా కోపం మాత్రం పోలేదు. అది పోయిన రోజున చెబుతాలే.”

అతను తల ఊపాడు.

ఆ వ్యాను ఇప్పుడు అన్నయ్య కూతురు నడుపుతోంది, అదే బడికి. ఆరేళ్లయినా చైను చెక్కుచెదరలేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తి మెచ్చుకోబోతే మేస్త్రి లేచి, చేతులు తుడుచుకుంటూ, షెడ్డు వెనక్కి వెళ్లిపోతాడు.