లోపలి నుంచి రాని తలుపు

కామారెడ్డిల బస్సు దొరకక ఎల్లారెడ్డి పోయే షేరింగ్ కారెక్కిన. వెనుక సీట్ల నేను, నా పక్కన ఒకామె, ఆమె ఒడిల రెండేండ్ల బిడ్డ. మంచి ఎండకాలం. తొవ్వల హోటల్ కాడ డ్రైవర్ బండి ఆపి, అద్దాలెక్కించి, తాళంచెవి పట్టుకొని చాయ్‌కు పోయిండు.

కాసేపటికే లోపల ఉడికిపోయినం. నా దిక్కు తలుపు గుంజిన, రాలేదు. ఆమె దిక్కుదీ రాలేదు. అద్దం గుద్దితే డ్రైవర్ ఫోన్ మాట్లాడుకుంటనే వస్తున్న అని చెయ్యూపిండు. పిల్ల మెడ వాల్చేసింది. ఆమె బిడ్డను నా చేతులల్ల పెట్టి, చీర ఎగ్గట్టి ముందు సీట్లకు దుంకి, ఆ తలుపుల నుంచి దిగి, మా తలుపు బయటి నుంచి తీసింది. మొహం మీద నీళ్లు చల్లితే పిల్ల ఏడ్చింది.

డ్రైవర్ వచ్చి, "తలుపు మంచిగనే ఉందక్కా, మీకే తీయరాలేదు" అన్నడు.

"అయితే నువ్వు కూసొని తీయి."

కూసున్నడు. ఆమె తలుపు దబ్బున వేసింది. గుంజిండు, గుద్దిండు. ముందుకు దుంకుదామంటే పొట్ట అడ్డమొచ్చింది. "తియ్యక్కా!"

"చాయ్ తాగొచ్చి తీస్త," అన్నది, కదలకుంట.

తీసినంక తలుపు అంచుకున్న చిన్న మీటను గోరుతోని పైకి నెట్టింది. "ఇది చైల్డ్ లాక్. బండి పోతుంటే పిల్లలు తలుపు తీసి పడొద్దని పెట్టిండ్రు. మనుషులను బంధించనీకి కాదు."

ఆమె మళ్లా ఆ కారెక్కలేదు, నేనూ ఎక్కలేదు. పేరు అడగనే లేదు. ఇప్పుడు మా మర్ది కారైనా సరే, తలుపు అంచు చూసినంకనే కూసుంట. మర్ది నవ్వుతడు. నాకు ఇంకా కోపమే వస్తది.