దైవాశీర్వాదం బావగారూ, స్టేట్ లైనూ

కలిసి ఉన్నది ఏది కనిపించినా మా దైవాశీర్వాదం బావగారికి భయం.

విడిపోతే భయపడేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. ఈయన వరస వేరు. విడిపోయినదానితో ఇంక భయమేముంది, అది అయిపోయిందిగా అంటారు. కలిసి ఉన్నదే, ఎప్పుడు ఊడుతుందో తెలియదు కాబట్టి, దానివైపే ఒక కన్నేసి ఉంచాలి. పెళ్లిలో అందరూ వధూవరులకు శుభాకాంక్షలు చెబుతుంటే ఈయన పెళ్లికూతురి చెవి దగ్గరికి వంగి, "నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉందా తల్లీ?" అని అడిగేవారు. ఆ పిల్ల కంగారుగా మొగుడివైపు చూసేది. మొగుడు కంగారుగా మామగారివైపు చూసేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు. 1978లో ఆయన భార్య దెబోరా, నేనూ ఇల్లినాయ్ రాష్ట్రంలో షామ్‌బర్గ్ దగ్గర ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో నర్సులం. ఆమెను అక్కా అన్నాను కాబట్టి ఆయన బావగారయ్యారు. ఒకే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో మేము కింద, వాళ్లు పైన. బావగారు ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇన్‌స్పెక్టరు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరో తలుపు కొట్టబోతున్నట్టు చెవులు రిక్కించుకుని ఉండేవారు.

యునైటెడ్ స్టేట్స్ అన్న పేరే ఆయనకు గిట్టేది కాదు.

"యాభై రాష్ట్రాలు, ప్రేమా! యాభై! మూడే నిలవలేదు. ఇన్నిటిని ఎవరు కాపలా కాస్తారు?"

"రెండొందల ఏళ్లుగా నిలిచింది కదా బావగారూ?"

"అంటే బాగా పాతబడిందన్నమాట" అనేవారు, మరింత దిగులుగా.

ఒకసారి మిల్వాకీలో ఎవరిదో పెళ్లికి అందరం ఆయన కారులో బయలుదేరాం. పక్క రాష్ట్రం విస్కాన్సిన్ ఇంకా మూడు మైళ్లుందనగా బావగారు కారు పక్కకు తీసి ఆపేశారు. అప్పుడే నింపిన ట్యాంకును మళ్లీ నింపించారు. మా నలుగురి తలలూ లెక్కపెట్టారు. పాస్‌పోర్టులు చూపించమన్నారు. దెబోరక్కకు ఒళ్లు మండింది.

"ఏమండీ, మనం వెళ్లేది పెళ్లికి. యుద్ధానికి కాదు."

"నేనూ ఆ రోజు వెళ్లింది డ్యూటీకే" అన్నారు బావగారు. ఆ మాటకు అర్థం నాకు అప్పటికి తెలియదు.

దారిలో టోల్ బూత్ వచ్చింది. బావగారు చిల్లరతోపాటు గ్రీన్‌కార్డు కూడా అందించారు. బూత్‌లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సర్, దిస్ ఈజ్ ఓన్లీ ఎ టోల్ బూత్" అంది.

"యెస్" అన్నారు బావగారు మర్యాదగా. "టుడే."

ఆయన భయాలు మన దేశానికీ, ఈ దేశానికీ పరిమితం కాదు. 1980 మే నెలలో కెనడానుంచి విడిపోవాలా వద్దా అని క్యుబెక్‌లో ఓటింగ్ జరిగింది. ఆ మూడు రోజులు బావగారు సరిగ్గా అన్నం తినలేదు. వద్దన్నవాళ్లే గెలిచారని నేను మెట్లెక్కి వెళ్లి చెబితే, "ఈసారికి" అన్నారు. 1982లో గ్రీన్‌లాండ్ జనం యూరోపియన్ కమ్యూనిటీనుంచి బయటికి పోతామని ఓటేశారు. పేపర్లో ఆ వార్త అయిదు లైన్లుంటుంది. అది కత్తిరించి పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"గ్రీన్‌లాండ్‌లో మనవాళ్లు ఎంతమంది ఉంటారు ప్రేమా?"

"మనవాళ్లా? అక్కడున్నది మంచు, చేపలు."

"ఉంటారేమో. డెన్మార్క్ వాళ్లో, ఇంకో దేశంవాళ్లో, ఎవరో ఒకరు చేపల ఫ్యాక్టరీలో పనికని వెళ్లి ఉంటారుగా. వాళ్లనెవరైనా అడిగారా?"

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. నా వెంటే బిల్డింగ్ లాండ్రీ రూమ్‌కు వచ్చి, వాషింగ్ మెషిన్లు తిరుగుతుంటే, బట్టలు ఆరేదాకా కూర్చుని, ఆ రోజు నాకు సంగతంతా చెప్పారు.

అమెరికా రాకముందు బావగారు టాంజానియాలో, మోషీ అనే ఊళ్లో రైల్వే సిగ్నల్ ఇన్‌స్పెక్టరు. కెన్యా, ఉగాండా, టాంజానియా మూడూ కలిసి ఈస్ట్ ఆఫ్రికన్ కమ్యూనిటీ అని పెట్టుకున్నాయి. మూడింటికీ ఒకే రైల్వే, ఒకే పోస్టాఫీసు, ఒకే విమానాలు. పదేళ్లు బాగా నడిచింది కూడా. తర్వాత పెద్దవాళ్లకు పడలేదు. 1977 ఫిబ్రవరిలో ఒక పొద్దున బావగారు లంచ్ డబ్బా పట్టుకుని, సిగ్నల్ ఒకటి మొరాయించిందని, లైనుకు అవతల కెన్యాలో ఉన్న వోయ్ స్టేషనుకు వెళ్లారు. సాయంత్రానికి సరిహద్దు మూసేశారు.

"డబ్బాలో పెరుగన్నం, చేపల వేపుడు. చేతిలో రెంచి. నా దగ్గర ఉన్నది అంతే. దెబోరా అవతల."

"ఎన్నాళ్లు?"

"నలభై రెండు రోజులు. రైలింజన్లు ఒక దేశంలో, వాటిని బాగుచేసే వర్క్‌షాపు ఇంకో దేశంలో. ఉత్తరాలు ఒక దేశంలో, వాటిమీద అడ్రసులు ఇంకో దేశంలో. నాతోపాటు పనిచేసినవాళ్లు ఎంతమందో! పొద్దున లేచేసరికి, మీరు ఎవరి ఉద్యోగులో మాకు తెలియదు పొమ్మన్నారు. రేడియోలో రోజూ ఎవరిది తప్పో చెప్పేవాళ్లు. అవతల నీకెవరైనా ఉన్నారా అని మాత్రం ఒక్కళ్లూ అడగలేదు. స్టేషన్లో టీ అమ్మే ఒకావిడ అడిగింది. ఆ నలభై రెండు రోజులూ వాళ్ల వరండాలోనే పడుకున్నాను."

చివరికి ఇంకో దేశం మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరారట. తలుపు తీసిన దెబోరక్క ఆయన్ని ఎగాదిగా చూసి, "డబ్బా ఏది?" అందట. ఆ తర్వాత రెండు రోజులు ఏడుస్తూనే ఉందట.

అప్పటినుంచి నేను ఆయన్ని ఆటపట్టించడం కొంచెం తగ్గించాను. పూర్తిగా మానలేదు. ఆయన మాననిస్తేగా.

మాకు షామ్‌బర్గ్‌లో తెలుగు క్రైస్తవ సహవాసం ఒకటుండేది. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం ఆరాధన. ముప్పై కుటుంబాలం. అందులో తొమ్మిది కుటుంబాలు పక్క రాష్ట్రం ఇండియానానుంచి, గంటన్నర ప్రయాణం చేసి వచ్చేవి. స్టీల్ మిల్లులో ఇంజనీరు జయరాజు తన పెద్ద వ్యాన్‌లో దారిపొడుగునా మనుషుల్ని ఎక్కించుకుని తెచ్చేవాడు. 1984లో పేచీ వచ్చింది. సిద్ధాంతాల గురించి కాదు. భోజనం ముందా, ప్రసంగం ముందా?

"బ్రదర్, మేము ఆరింటికి లేచి బయలుదేరుతున్నాం" అన్నాడు జయరాజు. "ప్రసంగం అయ్యేసరికి మా పిల్లలు కుర్చీలు నమిలేస్తున్నారు. మళ్లీ సాయంత్రం నాకు షిఫ్ట్ ఉంది. ముందు లంచ్ పెట్టండి."

"తిన్నాక ప్రసంగం వినేవాడెవడు? అందరూ కునుకే" అన్నారు మా వైపు పెద్ద, జోసఫ్ గారు.

మాటా మాటా పెరిగింది. ఇండియానా ఇళ్లు ఓటేసుకున్నాయి. అయిదు పోదామన్నాయి, నాలుగు ఉందామన్నాయి. తొమ్మిదీ పోయాయి. ఆఖరి మీటింగులో బావగారు చెయ్యెత్తారు. ముఖం పాలిపోయి ఉంది.

"విడిపోతే విడిపోండి. మధ్యలో ఎవరైనా ఉండిపోతున్నారా, చూశారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు? "బ్రదర్, ఇది ఆఫ్రికా కాదు" అన్నారు జోసఫ్ గారు. బావగారు చెయ్యి దించేసుకుని కూర్చున్నారు.

విడిపోయాక తెలిసింది, హార్మోనియం మాది, వాయించేవాడు వాళ్లవాడు. ప్రసంగించేవారు మా దగ్గర ముగ్గురు, వాళ్ల దగ్గర ఒక్కరూ లేరు. డెవాన్ అవెన్యూలో ఇండియన్ షాపువాడు, ఆర్డర్ చిన్నదైపోయింది కాబట్టి బియ్యం బస్తాలు ఇక డెలివరీ చేయనన్నాడు. పాతిక మైళ్లు మేమే వెళ్లి మోసుకొచ్చుకున్నాం. హార్మోనియం లేకుండా ఇండియానావాళ్లు ఎలా పాడారో తెలియదు గానీ, వాయించేవాడు లేకుండా మేం పాడింది వింటే పైన అమెరికన్లు అది వినపడకుండా ఫ్యాన్లు వేసుకునేవారు.

రెండు నెలలు గడిచాయి. బావగారు ఆరాధనకు రావడం మానేశారు.

ఆదివారాలు దెబోరక్కకు డ్యూటీ. "పొద్దున్నే ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్తున్నారు. చర్చికనే అనుకుంటున్నా" అంది. చర్చిలో మాత్రం ఇంకో కథ. దైవాశీర్వాదం పార్టీ మార్చాడు. భోజనం ముందు పెట్టేవాళ్లలో కలిశాడు. జోసఫ్ గారైతే బాగా నొచ్చుకున్నారు. నాకు వేరే భయం పట్టుకుంది. ఈయనకు ఆ పాత దిగులు ముదిరి ఎక్కడో ఒంటరిగా తిరుగుతున్నారేమో! ఆ వచ్చే ఆదివారం ఆయన కారు దగ్గర కాపలా కాశాను.

"బావగారూ, నేనూ వస్తా."

ఆయన దొంగలా చుట్టూ చూశారు. "పాస్‌పోర్టు ఉందా?" అన్నారు.

గంటసేపు దక్షిణంగా డ్రైవ్ చేసి క్యాల్యుమెట్ సిటీలో, ఒక చిన్న ఇంటి ముందు ఆపారు. తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం పట్టుకుని, కిటికీలో కరుణమ్మగారు కూర్చుని ఉన్నారు. మా సహవాసం మనిషే; విడిపోయాక ఆమెను ఎక్కడా చూడలేదని అప్పుడు తట్టింది.

కరుణమ్మ పిన్ని భర్త పోయి నాలుగేళ్లు. ఒక నర్సింగ్ హోమ్ లాండ్రీలో పని. డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆమె ఇల్లు ఇల్లినాయ్‌లోనే ఉంది గానీ, వీధి దాటితే ఇండియానా. ఎప్పుడూ జయరాజు వ్యాన్‌లోనే వచ్చేది. విడిపోయాక ఆమెది ఇల్లినాయ్ కాబట్టి మేం తీసుకెళుతున్నామని వాళ్లనుకున్నారు. ఎప్పుడూ వాళ్లతో వస్తుంది కాబట్టి వాళ్లే తీసుకెళుతున్నారని మేమనుకున్నాం. ఒంటరి మనిషి కాబట్టి ఓటు అడిగినవాళ్లూ లేరు. ఏడు ఆదివారాలు ఆమె చీర కట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, మధ్యాహ్నం దాకా చూసి, చీర మార్చుకుంది. అడిగితే బాగుండదని ఎవరికీ ఫోన్ చేయలేదు.

"మరి మీకెలా తెలిసింది?" అన్నాను బావగారితో.

"పాత ఫోన్ లిస్టు ఉందిగా. అందరికీ చేశాను. మీరు ఎటువైపు అని అడిగాను. కొందరు తిట్టారనుకో." ఆయన గొంతు తగ్గింది. "ఈవిడొక్కతే, నాకు తెలియదు బాబూ అంది."

పిన్నికి జయరాజు పిల్లలంటే ప్రాణం. అందుకని ఆరాధనకు అక్కడికే తీసుకెళుతున్నారట. అంటే ప్రతి ఆదివారం బావగారు రాష్ట్రాల మధ్య లైన్ దాటుతున్నారు! ఆ లైన్ ఏమిటో నేను అప్పుడే చూశాను. అది మామూలు వీధి. ఇటు డోనట్ షాపు, అటు లాండ్రోమాట్. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. బావగారి చేతులు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నుదుటిమీద చెమట.

"గ్రీన్ అయింది బాబూ" అంది పిన్ని వెనకనుంచి, మెల్లగా.

"చూశాను."

వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"మళ్లీ రెడ్ అయింది బాబూ."

"అదీ చూశాను."

మూడో గ్రీన్‌కు దాటాం. ముప్పై అడుగులు. అవతలికి చేరాక ఆయన ఊపిరి వదిలిన చప్పుడుకు అద్దం మీద ఆవిరి పట్టింది. నాకు నవ్వు రాలేదు. అంత భయం పెట్టుకుని ఈ మనిషి అప్పటికి ఎన్నిసార్లు ఈ వీధి దాటాడో లెక్కవేసుకుంటున్నాను.

జయరాజు ఇంట్లో భోజనం నిజంగానే ముందు పెట్టారు. కంచాలు కడుగుతుంటే జయరాజు నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టర్, ఆవిడ ఇంటినుంచి ఇక్కడికి ఏడు నిమిషాలు. తెలియగానే వెళ్లి సారీ చెప్పాను, ప్రతి ఆదివారం నేనే పికప్ చేస్తానన్నాను. వద్దంది. కోపం పోలేదేమో. మీరైనా చెప్పండి."

పిన్నిని వంటింటి మూలకు తీసుకెళ్లి అడిగాను. ఆమె నవ్వింది.

"కోపమేంటే పిచ్చిదానా! ఆ బాబు మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి వణికిపోతున్నాడు. ఇంకెవరైనా ఉండిపోయారా అని ఇల్లంతా చూశాడు. ఇప్పుడు నన్ను ఇటు ఇంకొకళ్లు తీసుకొచ్చేస్తే, ఆయన ఆదివారమంతా ఇంట్లో కూర్చుని ఏమేం ఊహించుకుంటాడో! వచ్చి, నన్ను చూసుకుని, దాటించి వెళితే, ఆ వారం నిద్రపోతాడు. నాదేం పోయింది? కారులో కూర్చోవడమేగా."

నేను ఆ సంగతి బావగారికి చెప్పలేదు. దెబోరక్కకు చెప్పాను. ఆమె సోమవారం సూపర్‌వైజర్‌ను అడిగి ఆదివారం డ్యూటీ మార్పించుకుంది. జోసఫ్ గారికీ చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, క్రిస్మస్‌కు హార్మోనియం ఇండియానావాళ్లకు పంపుదామన్నారు. మా పాట విన్నవాళ్లెవరూ అడ్డు చెప్పలేదు.

రెండు సహవాసాలూ మళ్లీ ఒకటి కాలేదు. వారం విడిచి వారం నేనే డ్రైవ్ చేసేదాన్ని. బావగారు ముందు సీట్లో, అక్క, పిన్ని వెనక. ఆ సిగ్నల్ దగ్గరికి రాగానే వెనకనుంచి ఇద్దరూ, గోంగూరలో ఎండుచేప ముందు వేయాలా, తర్వాత వేయాలా అని గట్టిగా దెబ్బలాట మొదలుపెట్టేవారు. బావగారు వెనక్కి తిరిగి తీర్పు చెబుతుండగా నేను చల్లగా వీధి దాటించేసేదాన్ని.