శీతల గది బయట యాదమ్మ

ఈ రోజు సాయంత్రం శామీర్‌పేటలోని మా ల్యాబ్‌లో శీతల గదిలో ఇరుక్కుపోయాను. లోపలి గడియ పట్టేసింది. తలుపు బాదితే సెక్యూరిటీ యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. మెకానిక్‌కు ఫోన్ చేయించి, నాకు తోడుగా తలుపు అవతలే నిలబడింది.

“గింత సల్లగ ఏం దాస్తున్నరు మేడం?”

“ఇన్సులిన్, యాదమ్మా. అదొక ప్రోటీన్. వారానికి ఒక్క సూదే సరిపోయేలా దాని ఆకారం మారుస్తున్నాం.”

“నాకు షుగరుంది, నేను దినాం రెండు పూటలా గదే పొడుసుకుంటున్న. ఇంకెన్నొద్దులు పడ్తది మేడం?”

మేం మార్చిన ఆకారమేదీ ఇంతవరకూ నిలవలేదు. పళ్లు టకటకలాడుతుంటే “ఏళ్లు పట్టొచ్చు” అన్నాను.

“గట్లనా,” అంది.

అరగంటకు తలుపు తెరుచుకుంది. యాదమ్మ తన శాలువా తీసి నాకు కప్పి, సూది వేసుకోవాలని వెళ్లిపోయింది.

తలుపు కోసం అరగంట ఎదురుచూస్తేనే నాకు ఏడుపొచ్చింది; ఆమెను మాత్రం ఏళ్లు ఆగమన్నాను. మీరైతే ఆమెకు ఏం చెప్పేవారు?