చిక్కుడు వేళ్ల ముడులు

భీవండి నార్పోలిలో మా డాబా మీద చిక్కుడు కాయించడానికి మా అత్తమ్మ పడ్డ తంటాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. తొంభైల చివర, పెళ్లయి నేను ఈ మరమగ్గాల ఊరికి వచ్చిన రెండో ఏడు. కింద సేటు మగ్గాలు, పైన మా గది, గది ముందు కాస్త డాబా. మగ్గాలు ఆడుతుంటే గూట్లో గిన్నెలు కూడా ఆడేవి.

వానల మొదట్లో అత్తమ్మ కరీంనగర్ వైపు మా ఊరి నుంచి వచ్చింది. కొంగున చిక్కుడు గింజలు, చేతిలో అవి కాసిన పాదులోని మట్టి మూట. వచ్చీ రాగానే షరతు పెట్టింది.

"గీ ఊరు నాకు పడ్తదో లేదో తెల్వది. దీవాళి దాక చూస్త. చిక్కుడు కాస్తె ఉంట, కాయకుంటె బస్సెక్కుత."

నాకు ఆమె పోవడం ఇష్టం లేదు. చిన్నప్పుడే అమ్మ పోయినదాన్ని. నన్ను కూర్చోబెట్టి తలకు నూనె రాసింది అత్తమ్మ ఒక్కతే. నోరు లేనిదాన్నీ కాదు, నల్లా దగ్గర నేను గొంతెత్తితే గల్లీ అంతా పక్కకు జరిగేది. అయినా "ఉండు" అని అడగడానికి మాత్రం నా అభిమానం అడ్డొచ్చేది. ఆ సంగతి చిక్కుడే చూసుకుంటుందిలే అనుకున్నాను.

వరాలా తలావ్ చెరువు వైపు నుంచి తెచ్చిన మట్టిలో ఊరి మట్టి కలిపి, పాత రంగు డబ్బాల్లో గింజలు పెట్టాం. తీగలు బ్రహ్మాండంగా లేచాయి. ఈలోపు అత్తమ్మ కింది కార్ఖానాలో పని కూడా పట్టుకుంది. మగ్గం దిగిన తానులో నూలు ముడులు వెతికి, చిమ్టాతో, అంటే చిన్న పట్టకారుతో, పీకెయ్యాలి. ముడి మిగిలితే సేటు తాను వెనక్కి కొట్టేవాడు. కొన్నాళ్లకు ఆమె కంటికి లోకంలో ముడులు తప్ప ఇంకేం ఆనేవి కావు. నా చీర అంచును కూడా వదిలేది కాదు.

మగ్గాలకు సెలవైన ఒక శుక్రవారం, తీగల్ని పెద్ద డ్రమ్ములోకి మార్చుదామని డబ్బాలు బోర్లించాం. వేళ్ల నిండా చిన్న చిన్న బుడిపెలు.

"అమ్మో, ఎన్ని ముడులే! తెగులు తగిలింది," అని అత్తమ్మ గుండె బాదుకుంది. నడుముకు దోపుకున్న చిమ్టా తీసింది. తాను శుభ్రం చేసినట్టే ఒక్కో వేరూ పట్టుకుని, బుడిపెలన్నీ గిల్లి మూతలో వేసింది. "ఇగ సూడు, ఎంత సాఫ్ అయినయో!" అని మురిసిపోతూ డ్రమ్ములో నాటింది.

వారం తిరిగేసరికి ఆకులు పసుపు పట్టాయి. అత్తమ్మ మొహం చిన్నబోయింది. నేనైతే లోపల్లోపల ఏడ్చాను.

మా ఆడబిడ్డ చిన్నప్పటి నుంచి అన్న దగ్గరే పెరిగింది, మరాఠీ బడిలో చదివి కాలేజీలో సైన్సు తీసుకుంది. ఆకులెందుకు ఇట్లయ్యాయని అడిగి, జరిగింది విని నెత్తి పట్టుకుంది.

"అరే దేవా! అమ్మా, కాయ్ కేలస్, ఎంత పని జేసినవ్! గవి తెగులు గాదు. మట్టిల కంటికి కనపడని జీవులుంటయి. వేరు తన రసం వదిలి వాటిని పిలుస్తది. అవి గూడ తమ రసంతోని 'వస్తున్నం' అని జవాబిస్తయి. అప్పుడు వేరు వాటికి ఇల్లు కడ్తది. గాలిల ఉన్న సత్తువ పట్టి అవి తీగకు పెడ్తయి, తీగ వాటికి తీపి పెడ్తది. నువ్వు గిల్లింది ఆ ఇండ్లే!"

"అయితె పిలిస్తె వచ్చిన సుట్టాలను నేను ఎల్లగొట్టిన్నా?" అత్తమ్మ లెంపలు వేసుకుంది.

యూరియా వేద్దామా అన్నాను. వద్దంది పిల్ల. "కూలోల్ల మెస్సు భిస్సీల రెండు పూటలా తిండి దొరికితె పొయ్యి ఎవడు ముట్టిస్తడు వదినా? యూరియా పడితె వేరు పిలుసుడే బంద్ చేస్తది. మట్టిల ఇంక జీవులున్నయి. కొత్త వేర్లొస్తె మల్ల పిలుస్తయి."

ఇక రోజూ పొద్దున అత్తమ్మ డ్రమ్ము ముందు కూర్చుని, "పిలువు బిడ్డా, సిగ్గెందుకు?" అని వేళ్లకు నచ్చజెప్పేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం. మెల్లగా కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పూత మాత్రం రాలేదు, దీవాళి వచ్చేసింది. మగ్గాలు ఆగాయి, గల్లీ గల్లీలో ఊరి బస్సులకు సామాన్లు ఎక్కిస్తున్నారు. అత్తమ్మ కూడా సంచీ తెచ్చి గడప దగ్గర పెట్టింది.

నాకెక్కడ లేని కోపం వచ్చింది. సంచీ లాక్కున్నాను.

"కాయకుంటె కాయకపాయె! గింజల మాట ఇని పోతవా? నేను మనిషిని గానా? ఎక్కడికీ పోవద్దు, నా దగ్గర్నే ఉండు!"

అత్తమ్మ నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు.

"గీ మాట కోసం వానల సంది చూస్తున్ననే. పిలువకుంటె ఎట్లుంటరే ఎవరన్న?"

"మరి టికెట్?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"తియ్యలే," అంది.

సంచీ విప్పి చూశాను. లోపల ఒక్క చీర కూడా లేదు. కింది నుంచి తెచ్చిన సుతిలి తాళ్లున్నాయి, తీగకు పందిరి కట్టడానికి.