ఇంగువ వాసన, మావయ్య విల్లు

నా చిన్నప్పుడు నేను కుదురుగా కూర్చున్న ఉదయం ఒక్కటే గుర్తుంది, అదీ అతి కష్టం మీద. కాళ్లకు చక్రాలు కట్టుకు పుట్టానని అమ్మ విసుక్కునేది. ఇప్పటికీ విమానంలో పక్క సీటువాళ్లు నావల్ల అవస్థ పడుతూనే ఉంటారు.

అప్పుడు మేము అమెరికాలో, నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. అమ్మ తమ్ముడు, మా మావయ్య, కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేస్తూ మాతోనే ఉండేవాడు. అక్కడ తుపాకుల వేట సీజన్‌కి ముందు విల్లుతో జింకల్ని వేటాడే రోజులు కొన్ని ఉంటాయి. పక్కింటి అంకుల్ విల్లుకు కప్పీలు, గురి చూసే అద్దం ఉండేవి. మావయ్యది వట్టి కర్ర, దానికో తాడు. అంకుల్‌ది ప్రిమిటివ్ వెపన్, అంటే పాతకాలపు ఆయుధం, కిందకి వస్తుందా రాదా అని ఇద్దరూ కంచె దగ్గర నిలబడి వాదించుకునేవారు. రూల్స్ ఒప్పుకుంటాయని అంకుల్, ఇది రూల్స్‌తో తేలేది కాదని మావయ్య. అసలు ప్రిమిటివ్ అంటే ఏమిటో చెప్పమని నేను మావయ్య ప్రాణం తీసేదాన్ని. వచ్చి చూడు అనేవాడు.

ఆ ఏడు మావయ్యకు టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. అన్నేళ్లలో ఒక్క జింకా దక్కలేదు, వెళ్లేలోగా మిగిలింది ఒక్క ఆదివారం. నేనూ వస్తానని ఏడ్చి సాధించాను. ఒంటి వాసన పోవాలని మావయ్య వేట బట్టలు వారం నుంచి పెరట్లోనే వేలాడుతున్నాయి. బయలుదేరేటప్పుడు అమ్మ, చలికి తట్టుకోలేనని, వంటింటి తలుపు వెనక తగిలించిన తన స్వెటర్ నాకు తొడిగింది.

చెట్ల మధ్య కూర్చున్నాం. కాలు తిమ్మిరెక్కింది, ముక్కు దురద, మనసు ఒకచోట నిలవదు. చివరికి జింక వచ్చింది. ఇంకాస్త దగ్గరికి వస్తే చాలు. మావయ్య విల్లు లాగాడు. జింక మూతి పైకెత్తి గాలి పీల్చింది, సూటిగా నావైపు చూసింది, కాలు నేలకేసి కొట్టి ఒక్క దూకులో మాయమైంది.

తిరిగి వస్తుంటే కార్‌లో హీటర్ వేడికి స్వెటర్ నుంచి ఇంగువ పోపు గుప్పుమంది. నాకు ఏడుపు ఆగలేదు.

"నీకు స్మెల్ రాలేదా మావయ్యా?"

"పొద్దున కార్ ఎక్కినప్పుడే వచ్చింది. నిన్ను కార్‌లో కూర్చోబెట్టి వెళ్లొచ్చు. కానీ చూస్తానన్నావుగా." హీటర్ తగ్గించి మళ్లీ అన్నాడు. "గన్ అయితే దూరం నుంచే కొట్టేయొచ్చు, మనమెవరో దానికి తెలియక్కర్లేదు. దీనికి దగ్గరికెళ్లాలి. దగ్గరికెళ్తే మనమేంటో దానికి తెలిసిపోద్ది. ప్రిమిటివ్ అంటే అంతే, అమ్మలూ."

ఇంటి ముందు కార్ ఆపాక నా స్వెటర్ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, ఈ వాసన టెక్సాస్‌లో దొరకదన్నాడు.

అప్పటి నుంచి ముఖ్యమైన మాట ఏదీ దూరం నుంచి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. మొన్న టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి కబురొచ్చింది, మావయ్యకు చూపు దాదాపు పోయిందట. ఫోన్‌లో పలకరించి ఊరుకోవచ్చు. ఇంట్లో అటూ ఇటూ తిరిగాను, నావల్ల కాలేదు, టికెట్ బుక్ చేశాను. ఈ ఉదయం పప్పుచారుకు ఇంగువ పోపు పెడుతూ నా స్వెటర్‌ను కావాలనే పొయ్యి పక్కన తగిలించాను. విమానంలో పక్కవాళ్లు ఏమైనా అనుకోనీ. గుమ్మంలో నిలబడి నేనెవరో మావయ్యకు చెప్పుకోవలసిన పని ఉండదు.